మతిమరుపు అతిథి

మృగశిర కార్తె. మా దీవుల లెక్కలో మియహెళి. ఆ పొద్దున ఆకాశం పడమటి వైపు నుంచి నల్లగా దిగి నీటి మీద కూర్చుంది. మబ్బుకీ సముద్రానికీ మధ్య సందు లేదు. సీప్లేన్లు ఎగరవని తెల్లవారగానే కబురొచ్చింది. మాబిలేఫారు రిసార్టు నుంచి విమానాశ్రయానికి వెళ్లాల్సిన అతిథులకు ఇక లాంచీయే గతి.

ఇద్రీస్ మణికు జెట్టీ చివర నిలబడి ఆ మబ్బును చూశాడు. మంచిదే అనుకున్నాడు. సీప్లేన్ అయితే ఇట్టే చేర్చేస్తుంది. లాంచీ ఆలస్యం చేస్తుంది. అతనికి ఆ ఆలస్యం కావాలి.

ఆ మధ్యాహ్నం మాలేలో సరంగు జకరియ్యాను కోర్టులో నిలబెడుతున్నారు. కూతురి పెళ్లికని కొలంబో నుంచి వచ్చిన మల్కాంతి రత్నవీర అనే ఆవిడ నీలాల హారం, విమానాశ్రయం నుంచి రిసార్టుకు వస్తూ జకరియ్యా లాంచీలో పోయిందని కేసు. నేరం మోపారంటే లైసెన్సు పోతుంది, లాంచీ పోతుంది, మనిషి జైలుకు పోతాడు. సరంగుల సంఘం ఇద్రీస్‌ను పిలిచింది. పోలీసు ఉద్యోగం వదిలాక అతను చేస్తున్నది ఇలాంటి పనులే. నిన్న సాయంత్రం దీవికి వచ్చాడు. ఇప్పటిదాకా నలుగురితో కూడా మాట్లాడలేదు. చూస్తూ తిరిగాడు.

"ఏం పెద్దాయనా, మబ్బులు లెక్కపెడుతున్నారా?"

రిసార్టు భద్రతాధికారి అద్నాన్ తెల్లచొక్కా మడత నలగకుండా నడిచి వచ్చాడు. మాలేలో పుట్టి మాలేలో పెరిగినవాడు. దూరపు దీవులవాళ్లంటే అతనికి కాస్త చులకన.

"మీ ఊళ్లో చేపలు ఎండబెట్టేవాళ్లకి పనికొచ్చే విద్య అది. ఇక్కడ దొంగ దొరికేశాడు."

"దొంగ దొరికాడు. హారమేదీ?"

"ఇంత సముద్రం ఉంది. ఎక్కడ తాడు కట్టి ముంచాడో."

ఇద్రీస్ జెట్టీ అవతలి పక్కకు నడిచాడు. అక్కడ జకరియ్యా లాంచీ కట్టి ఉంది. పోలీసులు పలకలు ఊడదీసి, దిళ్లు కోసి, ఇంజను మూత తీసి అలాగే వదిలేశారు. పక్క లాంచీ సరంగు ఒకడు దానిమీదికి టార్పాలిను లాగుతున్నాడు. ఇద్రీస్ చెప్పులు విప్పి లోపలికి దిగాడు. ముందు బెంచీ కింద సామాన్ల అర ఉంది. బెంచీ పలకే ఆ అరకు మూత. ఎత్తి చూశాడు, వేశాడు, దాని మీద కూర్చున్నాడు.

"ఆ సాయంత్రం అలలు కొడుతున్నాయి. నీళ్లు పడతాయని జకరియ్యా అందరి చేతిసంచులూ తీసుకుని ఈ అరలో పెట్టాడు. అంతేగా?"

"అంతే," అన్నాడు అద్నాన్ పైనుంచి. "అక్కడి నుంచి జెట్టీ చేరేదాకా ఆవిడ సంచి వాడి అధీనంలో ఉంది."

"అర మూసాక ఈ పలక మీద ఎవరు కూర్చున్నారు?"

"పెళ్లికూతురి మేనమామ."

"ఎలా ఉంటాడు మనిషి?"

టార్పాలిను లాగుతున్న సరంగుకు నవ్వు ఆగలేదు. "ఆయన్ని దించడానికి ముగ్గురం పట్టాం బాబాయ్! ఇంకొకడు కింద నుంచి తోశాడు."

"దారిలో ఎక్కడైనా లేచాడా?"

"లేవడమా? జకరియ్యా చెప్పాడుగా, ఎక్కినకాణ్నించి కక్కుకుంటూ అక్కడే కూలబడ్డాడని."

"విన్నావా అద్నాన్? ఆయన లేస్తే గాని అర తెరుచుకోదు."

"జెట్టీకి వచ్చాక సంచులు తీసి ఇచ్చింది వాడేగా. అప్పుడు కొట్టేసి ఉంటాడు."

"అప్పుడు ఈ జెట్టీ మీద స్వాగతం పలికే డోళ్లవాళ్లున్నారు, కొబ్బరి బోండాలు పట్టుకున్నవాళ్లున్నారు, తెల్లచొక్కాలో నువ్వున్నావు. మీ అందరి కళ్ల ముందూ సంచి విప్పి, అందులో పెట్టె తెరిచి, హారం తీసుకుని, మళ్లీ పెట్టె మూసి, సంచి కట్టి ఆవిడ చేతికిచ్చాడు. డోలు దరువు తప్పలేదు. అదేనా?"

అద్నాన్ మొహం గట్టిపడింది. "వాడి బావమరిది నాఫిజ్, వాడూ సరంగే, అందరి ముందే తీశాడు. రెండేళ్ల కిందట, వజ్రాల కమ్మలు. ఇంకా జైల్లోనే ఉన్నాడు. అది పట్టింది నేను. అప్పుడు ఇదే జకరియ్యా కోర్టుకొచ్చి, సంచి నాఫిజ్ చేతిలో చూశానని సాక్ష్యం చెప్పాడు. సొంత భార్య తమ్ముడి మీద చెప్పాడు పెద్దాయనా! మర్యాదస్తుడు అనుకున్నాం. తీరా చూస్తే ఒకే ఇంట్లో ఇద్దరు. రక్తంలో ఉంటుంది ఆ అలవాటు."

"బావమరిది రక్తం బావకెలా వచ్చింది?"

పక్క లాంచీలో మళ్లీ నవ్వు. అద్నాన్ విసవిస నడిచి వెళ్లిపోయాడు. ఆ వజ్రాల కేసు తర్వాతే అతన్ని మామూలు గార్డు నుంచి భద్రతాధికారిని చేశారు. ఆ సంగతి దీవిలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

మల్కాంతి రత్నవీర జెట్టీ మొదట్లో పాక కింద కూర్చుని టీ తాగుతోంది. పెళ్లి అయిపోయింది. కోర్టులో వాంగ్మూలం ఇవ్వడానికి ఆవిడ కూడా ఈ లాంచీలోనే వెళ్తోంది. ఇద్రీస్ ఎదురుగా కింద మెట్టు మీద కూర్చున్నాడు.

"అమ్మా, నాలుగు మాటలు. హారం పోయిందని ఎప్పుడు తెలిసింది?"

"రాత్రి గదిలో. పెట్టె తెరిస్తే బోసిగా ఉంది. మా అత్తగారి హారమయ్యా అది. పిల్ల మెళ్లో వేయాల్సింది. ఉత్త మెడతో పీటల మీద కూర్చుంది నా బిడ్డ."

"దానికి ముందు ఎప్పుడు చూశారు?"

"అద్నాన్ గారికి చెప్పానుగా. విమానం దిగబోతుంటే సంచిలో చేయి పెట్టి చూశాను. ఉంది."

"చేయి పెట్టి చూశారు. చేతికి ఏం తగిలింది?"

"పెట్టె."

"తెరిచారా?"

"విమానంలో అందరి మధ్యా ఎవరు తెరుస్తారు?"

"మరి హారాన్ని కంటితో ఎప్పుడు చూశారు?"

ఆవిడ కప్పు కింద పెట్టింది. "కొలంబోలో. తనిఖీ దగ్గర తెరవమన్నారు. తెరిచాను. మూశాను."

"అక్కడి నుంచి మీ గది దాకా ఆ సంచి ఎన్నిసార్లు చెయ్యి మారింది?"

"ఒక్కసారే. లాంచీలో."

"ఇక్కడి విమానాశ్రయంలో సామాన్ల బెల్టు దగ్గర చాలాసేపు నిలబెట్టారటగా మిమ్మల్ని?"

"అబ్బో! పెట్టెలు రానే రావు. నేను వెళ్లి మొహం కడుక్కుని కూడా వచ్చాను."

"సంచి పట్టుకునే వెళ్లారా?"

"లేదు. తోపుడు బండి మీదే ఉంది."

"బండి దగ్గర ఎవరున్నారు?"

"మన లయనల్ ఉన్నాడుగా." ఇద్రీస్ తల ఎత్తి చూడగానే ఆవిడే మళ్లీ అంది. "అది చెయ్యి మారడం కాదు కదయ్యా. మన మనిషి దగ్గరుంటే మన దగ్గరున్నట్టే. నా పెద్దపిల్ల పెళ్లికీ అతనే ఫోటోలు తీశాడు."

"అద్నాన్‌కు ఈ మాట చెప్పారా?"

"ఆయన అడగలేదు. పరాయివాళ్ల చేతికి ఎప్పుడు వెళ్లిందని అడిగాడు."

జెట్టీ మీద గంట కొట్టారు. లాంచీ ఎక్కేముందు అందరి సంచులూ మరొకసారి చూడాలని మల్కాంతిగారే కోరింది. తన చుట్టాల మీద ఎవరికీ అనుమానం మిగలకూడదని ఆవిడ పట్టుదల. అద్నాన్ బల్ల వేయించాడు.

"ముందు నాది చూడండి బాబూ, నా విమానం మధ్యాహ్నమే!" అంటూ లయనల్ దబరేరా వచ్చాడు. నలభై దాటిన మనిషి. బట్టతల, నవ్వు మొహం, మెడలో కెమెరా. తనే కెమెరా పెట్టె తెరిచాడు, బట్టల సంచి బోర్లించాడు, జేబులు లోపలి వైపు పైకి లాగి చూపించాడు. తాళాలు, యాలకుల పొట్లం, అద్దం తుడిచే గుడ్డ, నాలుగు మడతలు పెట్టిన పసుపు చీటీ.

అద్నాన్ చీటీ విప్పి నవ్వాడు. "సీసా పట్టేశారా విమానాశ్రయంలో?"

"పట్టేశారు. అరక్కు సీసా. మీ దేశం సంగతి గుర్తుంటేగా!" లయనల్ నుదురు కొట్టుకున్నాడు. చీటీని మళ్లీ నాలుగు మడతలూ పెట్టి లోపలి జేబులో దాచాడు.

మా దేశంలోకి బయటి మందు రానివ్వరు. తెచ్చినవాళ్ల దగ్గర విమానాశ్రయంలోనే తీసుకుని, సీలు వేసి, చీటీ ఇస్తారు. తిరిగి వెళ్లేటప్పుడు చీటీ చూపించి సీసా పట్టుకుపోవచ్చు. కొత్తగా వచ్చేవాళ్లు రోజుకు కొందరైనా అలా దొరుకుతూనే ఉంటారు.

లయనల్ ఇద్రీస్ వైపు యాలకుల పొట్లం చాపాడు. "తీసుకోండి. అలలకు కడుపులో తిప్పకుండా ఉంటుంది. అయినా మీకెందుకులెండి, మీరు నీళ్లలోనే పుట్టారు."

"మీకూ అలవాటే అనుకుంటా," అన్నాడు ఇద్రీస్.

"బాగా చెప్పారు! ఈ జెట్టీ మీద నేను తీసిన పెళ్లిళ్లకి లెక్కలేదు. ఏ నెలలో ఏ పూట వెలుగు ఎటు పడుతుందో, మీ దేశంలో ఏది చెల్లుతుందో ఏది చెల్లదో, ఇక్కడి వాళ్లకన్నా నాకే బాగా తెలుసు."

ఇద్రీస్ ఒక యాలక్కాయ నోట్లో వేసుకున్నాడు. లాంచీ విమానాశ్రయం వైపు కదిలింది. దారి పొడవునా వాన కొట్టింది. మల్కాంతిగారు కళ్లు మూసుకుని జపం చేసుకుంది. లయనల్ ఆవిడకు తన తువ్వాలు కప్పాడు. ఎవరు చూసినా సొంత తమ్ముడనే అనుకుంటారు.

విమానాశ్రయం జెట్టీ మీద, గుంపులో తడుస్తూ జకరియ్యా భార్య షియూనా నిలబడి ఉంది. లాంచీ తాడు కట్టకముందే వంగి అడిగింది.

"దొరికిందా బాబాయ్?"

"ఇంకా లేదు."

"కోర్టుకి తీసుకెళ్తున్నారంట. మా ఆయన నిన్నటి నుంచి ఏమీ తినలేదంట." గొంతు తగ్గించింది. "ఈ జెట్టీ మీద ఇలా నిలబడటం నాకిది రెండోసారి. ఇంకోసారి నావల్ల కాదు."

"తల తుడుచుకో. ఇక్కడే ఉండు."

ఇద్రీస్ అతిథులకన్నా ముందు నడిచాడు. బయలుదేరే ప్రయాణికుల వైపు, చివర్లో ఒక చిన్న కౌంటర్ ఉంది. వెనక ఇనుప అరలనిండా సీలు వేసిన సంచులు. పట్టిన సీసాలు తిరిగిచ్చేది అక్కడే. కౌంటర్లో హవ్వా అనే అధికారిణి కూర్చుని ఉంది. ఇద్రీస్ పోలీసులో ఉన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి.

"మణికు అన్నా! మీరేంటి ఈ సీసాల కొట్టుకి? పదవి పోయాక కొత్త అలవాట్లా?"

"లయనల్ దబరేరా అనే ఫోటోల ఆయన సీసా ఉందా నీ దగ్గర?"

హవ్వా పకపకా నవ్వింది. "మతిమరుపు అతిథా! మేమంతా అలాగే పిలుస్తాం ఆయన్ని. వచ్చిన ప్రతిసారీ ఒక సీసా. ప్రతిసారీ నాలిక్కరుచుకోవడం. 'అయ్యో చెల్లీ, మళ్లీ మరచిపోయాను' అనడం. మంచోడు పాపం, విసుక్కోడు."

"పోయేటప్పుడు తీసుకెళ్తాడా, వదిలేస్తాడా?"

"సగం మంది వదిలేస్తారన్నా. విమానం హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది? ఈయన మాత్రం..." హవ్వా ఆగింది.

"ఈయన మాత్రం?"

"ఒక్కసారీ వదల్లేదు."

"వచ్చేటప్పుడు ఎప్పుడూ మరచిపోతాడు. పోయేటప్పుడు ఎప్పుడూ మరచిపోడు."

హవ్వా మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది. లేచి అరలోంచి ఒక సంచి తీసి బల్ల మీద పెట్టింది. పారదర్శకమైన సంచిలో గుండ్రటి రేకు డబ్బా. బహుమతులకిచ్చే రకం.

"దీన్ని తీసుకున్నప్పుడు ఎలా చూస్తారు?"

"మూత తీస్తాం. సీసా మూతి కనిపిస్తుంది. మూసి సీలు వేస్తాం. మాకు కావలసింది సీసాయేగా."

"ఇప్పుడు తెరవగలవా?"

"ఆయన లేకుండా వీల్లేదన్నా. ఆయన సరుకు. ఆయన ముందే సీలు విప్పి, ఇచ్చింది ఇచ్చినట్టు ఉందో లేదో చూసుకోమనాలి. ఎవరూ చూసుకోరనుకోండి. సంతకం గీకి పరిగెడతారు."

"ఇవాళ చూసుకోమను."

వెనక నుంచి బూట్ల చప్పుడు. అద్నాన్ అతని మోచేయి పట్టుకుని పక్కకు లాగాడు.

"ఏం చేస్తున్నారు మీరు? మా అతిథి సీసా మీద పడ్డారా ఇప్పుడు? చెప్పేది వినండి. ఆయన్ని ఒక్క మాట అన్నా రిసార్టు ఊరుకోదు. మీ సంఘం లాంచీ ఒక్కటి కూడా మా జెట్టీకి కట్టనివ్వను. ఒక్క సరంగు కోసం అందరి కూడూ పోగొడతారా?"

"ఒక్కటి చెప్పు అద్నాన్. ఈ దేశంలో ఏది చెల్లుతుందో ఏది చెల్లదో మనకన్నా తనకే బాగా తెలుసన్నాడు. నువ్వూ విన్నావు. సామాన్ల బెల్టు దగ్గర మల్కాంతిగారి సంచి ఆయన దగ్గరే ఉంది. అంత తెలిసినవాడు సీసా ఎందుకు తెస్తాడు?"

"మరచిపోయి."

"ప్రతిసారీనా?"

"అయితే? అందులో హారం ఉందంటారా? లేకపోతే?"

"లేకపోతే ఈ పని మానేస్తా. మా ఊరెళ్లి చేపలు ఎండబెట్టుకుంటా."

"రాసిస్తారా?"

"నా నోటిమాట చాలు. మాలేవాళ్లకి చాలదేమో, నాకు తెలీదు."

అద్నాన్ ఇంకేదో అనేలోపు లయనల్ బండి తోసుకుంటూ వచ్చాడు. వీడ్కోలు చెప్పడానికి మల్కాంతిగారు పక్కనే నడుస్తోంది. హవ్వాను చూడగానే అతను చేతులు చాచాడు.

"చెల్లీ, బాగున్నావా? ఇదిగో నీ పసుపు చీటీ. చెప్పాగా, నాకు బుర్ర లేదని!"

హవ్వా చీటీ తీసుకుని సంచి ముందుకు జరిపింది. గొంతు మామూలుగానే ఉంది. "సీలు విప్పుతాను. సరిగా ఉందో లేదో ఒకసారి చూసుకోండన్నా."

"నీ మీద నమ్మకం లేకనా? ఇటివ్వు, సంతకం పెట్టేస్తా."

"చూసుకుంటే మంచిది."

"టైమవుతోంది తల్లీ."

"చూసుకో నాయనా, ఎంతసేపు," అంది మల్కాంతిగారు. "దారిలో పగిలి బట్టలమీద కారితే?"

లయనల్ డబ్బా వైపు చూశాడు. కౌంటర్ పక్కన నిలబడిన డ్యూటీ పోలీసును చూశాడు. చివరికి ఇద్రీస్‌ను చూశాడు. అప్పటికి అతని నవ్వు అలాగే ఉంది గాని కళ్లలోంచి పోయింది.

"పోనీండి," అన్నాడు. "అసలు నాకొద్దు. ఇంటికెళ్తే ఎలాగూ మా ఆవిడ తిడుతుంది. మీరే పారబోసేయండి." బండి తిప్పాడు.

ఇద్రీస్ బండికి అడ్డంగా నిలబడ్డాడు. "ఇన్నాళ్లూ ఒక్కటీ వదలనివాడివి, ఇవాళ వద్దంటున్నావేం?"

"దారివ్వండి. అద్నాన్ గారూ, ఏమిటిది?"

"వద్దన్నారుగా," అంది హవ్వా. "అయితే పోలీసు ముందు తెరిచి పారబోయాలి. అది నా డ్యూటీ." బ్లేడుతో సీలు కోసింది. మూత తీసింది. సీసా పైకి లాగి బల్ల మీద నిలబెట్టింది. డబ్బా బోర్లించింది.

ఏమీ పడలేదు.

మళ్లీ తట్టింది. ఏమీ లేదు. లయనల్ పెద్దగా ఊపిరి వదిలాడు. అద్నాన్ నవ్వాడు. "చేపలు బాగా ఎండాలంటే ఈ కార్తె దాటాలేమో పెద్దాయనా."

ఇద్రీస్ వినలేదు. సీసానే చూస్తున్నాడు. ఖాళీ డబ్బా తీసి సీసా పక్కన నిలబెట్టాడు. సీసా పొట్టిది. డబ్బా దానికన్నా నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువ.

"హవ్వా, మూత తీస్తే సీసా మూతి పైకే కనిపించిందన్నావు."

"ఔను. ఇప్పుడూ పైకే ఉంది. అలా పట్టుకుని లాగాగా."

"ఇంత పొట్టి సీసా అంత పైకి ఎలా వచ్చింది? కింద దేని మీద నిలబడింది?"

డ్యూటీ పోలీసు చొక్కా చేయి పైకి మడిచి డబ్బాలోకి మోచేతి దాకా దూర్చాడు. గోళ్లతో గీకాడు. బిగించి ఉన్న అట్టముక్క ఒకటి మెలితిరిగి వచ్చింది. దాని కింద కుక్కిన గుడ్డ వచ్చింది. లయనల్ జేబులో ఉన్నలాంటి అద్దం తుడిచే గుడ్డే. పోలీసు దాన్ని బల్ల మీద విప్పాడు.

నీలాలు కౌంటర్ లైటు కింద పరుచుకున్నాయి.

మల్కాంతిగారు హారాన్ని ముట్టుకోలేదు. లయనల్ వైపు తిరిగింది. "నా బిడ్డ ఉత్త మెడని ఫోటో తీశావు కదరా," అంది. "గడ్డం పైకెత్తు తల్లీ అని చెప్పి మరీ తీశావు."

పోలీసు లయనల్ మణికట్టు పట్టుకున్నాడు. అప్పటిదాకా దూరంగా ఉండమన్నా ఉండలేక షియూనా అద్దాల తలుపు దాకా వచ్చేసింది. ఇద్రీస్ అటు తిరిగి తల ఊపాడు. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మరుక్షణం వెనక్కి తిరిగి జెట్టీ వైపు పరుగెత్తింది. కాసేపటికి ఒక లాంచీ హారన్ మోగింది. దాని వెంట ఇంకొకటి. తర్వాత జెట్టీకి కట్టినవన్నీ ఒక్కసారే మోగాయి. విమానాల కోసం కూర్చున్నవాళ్లు లేచి నిలబడి ఏమైందని అడిగారు. వానలో సరంగులు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఊగుతున్నారు.

అద్నాన్ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. "సరే," అన్నాడు మెల్లగా. "మీరు గెలిచారు."

"ఇంకా అవలేదు." ఇద్రీస్ హవ్వా వైపు తిరిగాడు. "రెండేళ్ల కిందట, ఇదే వానల్లో, మాబిలేఫారులో ఇంకో పెళ్లి జరిగింది. వజ్రాల కమ్మలు పోయాయి. ఈయన అప్పుడూ వచ్చాడా?"

అద్నాన్ తల ఎత్తాడు.

హవ్వా గుర్తు చేసుకోనక్కర్లేదు. "వచ్చాడు. నాకప్పుడు నెలలు నిండాయి. నిలబడలేక బల్ల పట్టుకుంటే ఆయనే కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీలో కూర్చునే సీసా తిరిగిచ్చాను." తన చేతుల వైపు చూసుకుంది. "నేనే ఇచ్చాను."

"అది వేరే సంగతి," అన్నాడు లయనల్. మొదటిసారి గొంతు కీచుమంది. "దాంతో నాకేం సంబంధం? ఆ సరంగు పేరు కూడా నాకు తెలీదు."

డ్యూటీ పోలీసు అతని వైపు తిరిగాడు.

"కమ్మలు పోయాయన్నాను," అన్నాడు ఇద్రీస్. "సరంగు సంగతి నేను ఎత్తలేదే."

పోలీసు లయనల్‌ను నడిపించుకుపోయాడు. కెమెరా మెడలోనే ఊగుతోంది.

అద్నాన్ ఇద్రీస్ వైపు తిరిగాడు. "ఆ కేసు నేనే తెరిపిస్తాను," అన్నాడు. "ఈసారి పరాయివాళ్ల చేతికి సంచి ఎప్పుడు వెళ్లిందనే అడిగాను. అప్పుడూ అదే అడిగాను."

"రేపు పొద్దున జైలు దీవికి మొదటి ఫెర్రీ ఉంది. దాంట్లో కనబడు."

అద్నాన్ తల ఊపాడు. ఈసారి పెద్దాయనా అనలేదు.

*

మధ్యాహ్నం వాలాక, అసర్ నమాజు వేళకు జకరియ్యాను వదిలేశారు. కోర్టు బయట సరంగులు అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. వంతెన దాటి ఇంటి మలుపు దాకా మోటారు సైకిళ్లు ముందూ వెనకా హారన్లు కొట్టుకుంటూ వచ్చాయి. జకరియ్యా నవ్వాడు, ఏడ్చాడు, అందరికీ చేతులు ఊపాడు. మెట్లెక్కేటప్పుడు ఇద్రీస్ అతన్ని ఆపి, కౌంటర్ దగ్గర లయనల్ నోరు జారిన మాట చెప్పాడు. జకరియ్యా గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు.

"సంచి నాఫిజ్ చేతిలో చూశానన్నాను బాబాయ్," అన్నాడు. "చూశాను. నిజంగానే చూశాను. దించుతున్నాడు. సరంగు పని అదేగా. నన్ను అంతవరకే అడిగారు."

ఇద్రీస్ ముందు మెట్లెక్కాడు.

షియూనాకు ఆ సంగతి అప్పటికే తెలుసు. హవ్వా చెప్పింది. చాప మీద గుడ్డ పరిచి ముగ్గురికీ కంచాలు పెట్టింది. సూర చేప చారు పొగలు కక్కుతోంది. అన్నం, నిమ్మచెక్కలు, పచ్చిమిరపకాయలు, వేయించిన మునగాకు. ఆమె ముందు ఇద్రీస్‌కు వడ్డించింది. తర్వాత భర్త కంచంలో అన్నం పెట్టి, మధ్యలో గుంట చేసి చారు పోసింది.

జకరియ్యా చేయి ఎత్తలేదు. తల వంచుకుని కంచం అంచు చూస్తున్నాడు. రెండేళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని పేరు ఇప్పుడు ముగ్గురి మధ్యా ఉంది.

షియూనా అతన్ని చూసింది. నిమ్మచెక్క తీసుకుని అతని అన్నం మీద పిండింది. చేపముక్క తుంచి, ముల్లు తీసి, అతని చేతికి అందేలా పెట్టింది. ఆ తర్వాత తన కంచం ముందు కూర్చుంది.

జకరియ్యా చేయి కదిలింది. మొదటి ముద్ద కలుపుకున్నాడు. ఇద్రీస్ మిరపకాయ కొరికాడు. బయట వాన తెరిపిచ్చింది. ముగ్గురూ తిన్నారు.